కుండీ అడుగున ఆగిపోయే నీరు

కుండీలో పెంచే నిలువు కాక్టస్ దెబ్బతినే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. వానలు పట్టిన కొన్ని వారాలకు మొదలు దగ్గర కాండం రంగు మారుతుంది, మెత్తబడుతుంది, నొక్కితే వేలు లోపలికి దిగుతుంది. పైభాగం మాత్రం అప్పటికీ పచ్చగా, బిగువుగా ఉంటుంది. కాండం నిండా నీళ్ళే కాబట్టి వేళ్ళు చచ్చిపోయాక కూడా ఆ నిల్వతో అది చాలా రోజులు నిలబడగలదు. మామూలు పూలమొక్క అయితే వేరు పాడైన కొద్ది రోజులకే వాడిపోయి మనకు చెబుతుంది. ఈ మొక్క చెప్పదు. చెప్పేసరికి మనం చేయగలిగిందల్లా పైన బాగున్న ముక్కను కోసి, కోత ఆరబెట్టి, మళ్ళీ నాటుకోవడమే. నీళ్ళు ఎక్కువయ్యాయని అందరూ అంటారు. అది సగం నిజం. తడి కన్నా గాలి ఆడకపోవడమే వేళ్ళను ఎక్కువగా చంపుతుంది. గాలి ఆడుతుందా లేదా అన్నది మట్టిలో కలిపిన పదార్థం పేరును బట్టి తేలదు, దాని గింజ ఎంత లావుగా ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇసుక కలిపితే చాలు, అడుగున కంకర పోస్తే చాలు అని చెప్పుకునే సలహాలు సరిగ్గా ఈ విషయం దగ్గరే తప్పిపోతున్నాయి.

కాక్టస్ అంటే ఎడారి, ఎడారి అంటే ఇసుక అన్న ఊహను ముందు పక్కన పెట్టాలి. ఇవి అమెరికా ఖండాల మొక్కలు. (మన గుట్టల మీద కనిపించే బొంతజెముడు చూడటానికి ఇలాగే ఉన్నా కాక్టస్ కుటుంబానికి చెందదు, గిల్లితే పాలు కారతాయి.) సినిమాల్లో చేతులెత్తి నిలబడినట్టు కనిపించే సగువారో కాక్టస్ అమెరికాలోని అరిజోనాలో, మెక్సికోలోని సొనోరాలో పెరుగుతుంది. ఇసుక తిన్నెల మీద కాదు, కొండవాలుల్లో, కొండల మీంచి కొట్టుకొచ్చిన రాళ్ళూ గులకలూ పేరుకున్న వాలు నేలల్లో. 12 మీటర్ల దాకా ఎదిగే ఆ మొక్క వేళ్ళలో ఎక్కువ భాగం నేల పైపొరలోనే, జానెడు లోతు కూడా దిగకుండా, నలువైపులా దూరదూరంగా పాకి ఉంటుంది. ఒంటినిండా తెల్లటి వెంట్రుకలు కప్పుకున్న ఓల్డ్ మ్యాన్ కాక్టస్ మెక్సికోలోని ఇడాల్గో రాష్ట్రంలో సున్నపురాతి లోయల అంచుల మీద పెరుగుతుంది. అలాంటి చోట్ల వాన పడితే నీరు రాళ్ళ సందుల్లోంచి కిందికి జారిపోతుంది, దాని వెనకే గాలి ఆ సందుల్లోకి వస్తుంది. సగువారో అడవుల నడుమ ఉన్న టూసాన్ నగరంలో ఏడాదికి పడే వాన సుమారు 300 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో అది 800 దగ్గర ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. కోస్తాలో ఇంకా ఎక్కువ. అంటే ఆ మొక్క పుట్టిన చోటి కన్నా మన మేడ మీద నీరు త్వరగా పోయే ఏర్పాటు ఇంకా గట్టిగా ఉండాలి.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. దానికి కావలసిన ఆక్సిజన్ మట్టిరేణువుల మధ్య ఖాళీల్లోంచి అందాలి. ఆ ఖాళీలు నీటితో నిండిపోతే ఆక్సిజన్ కదలిక దాదాపు ఆగిపోయినట్టే. గాలిలో కన్నా నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడక నీరసించిన వేరులోకి ఫైటాఫ్తోరా, పిథియం వంటి, కుళ్ళు తెగుళ్ళను తెచ్చే సూక్ష్మజీవులు సులువుగా చొరబడతాయి. వాటి బీజాలు నీటిలో ఈదుకుంటూ వెళ్ళగలవు కాబట్టి నిలిచిన నీరే వాటికి దారి కూడా. కాక్టస్ వేళ్ళకు మరో ప్రత్యేకత ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఈ మొక్కల మీద చాలా ఏళ్ళు పనిచేసిన పార్క్ నోబెల్ వంటి శాస్త్రవేత్తలు చూపించినట్టు, నేల ఎండినప్పుడు ఆ వేళ్ళు కుంచించుకుపోయి మట్టికీ తమకూ మధ్య సందు చేసుకుంటాయి. అలా లోపలి నీరు తిరిగి మట్టిలోకి పోకుండా కాపాడుకుంటాయి. వాన తగలగానే సన్నని కొత్త పిల్లవేళ్ళు వేసి గబగబా తాగుతాయి. తడవడం, ఆరడం అన్న ఆ లయ మీదే వాటి బతుకు నడుస్తుంది. ఆరడం అన్నదే లేని కుండీలో ముందుగా పోయేవి ఆ పిల్లవేళ్ళే.

ఇక కుండీ సంగతి. దీపంలో నూనె వత్తి వెంట పైకి పాకినట్టే, నీరు కూడా మట్టిలోని సన్నని సందుల్ని పట్టుకుని వేలాడుతుంది, భూమి లాగినా వదలదు. సందు ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తున నిలుస్తుంది. లెక్క సులువైనదే. సందు వెడల్పు 1 మిల్లీమీటరు ఉంటే నీరు సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తు దాకా నిలుస్తుంది, 0.1 మిల్లీమీటరు ఉంటే సుమారు 30 సెంటీమీటర్ల దాకా. మనం వాడే కుండీలు చాలావరకు 20, 25 సెంటీమీటర్ల ఎత్తువి. సన్న ఇసుకలో రేణువుల మధ్య సందులు 0.1 మిల్లీమీటరుకు అటూ ఇటూగానే ఉంటాయి. అంటే సన్న ఇసుకతో నింపిన కుండీలో, అడుగున ఎన్ని చిల్లులున్నా, పోసిన నీరు ఆగాక కూడా అడుగు నుంచి దాదాపు పైదాకా తడి నిండే ఉంటుంది. అదే 3, 4 మిల్లీమీటర్ల రాతి చిప్స్ అయితే అడుగున రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే నీటితో నిండి ఉంటుంది, దాని పైనంతా గాలి. ఈ నీటిమట్టం కుండీ ఎత్తును బట్టి మారదు, రేణువును బట్టే మారుతుంది. అందువల్ల ఒకే మిశ్రమాన్ని పొట్టి కుండీలో వేస్తే వేళ్ళన్నీ తడిలో ఉంటాయి, లోతైన కుండీలో వేస్తే తడి అడుగునే ఉండిపోతుంది.

అడుగున కంకర పోస్తే నీరు బాగా దిగిపోదా అని వెంటనే అడుగుతారు. తరతరాలుగా చెప్పుకుంటున్న సలహా కాబట్టి దీనికి సరైన సమాధానం చెప్పాలి. పై పొరలోని సన్న సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, కింది కంకరలోని పెద్ద సందులకు ఆ నీటిని లాక్కునే శక్తి లేదు. పై మట్టి పూర్తిగా నానిపోయే దాకా నీరు కంకరలోకి దిగదు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన వాల్టర్ గార్డ్‌నర్ 1959 ప్రాంతంలో నేలలో నీటి కదలిక మీద తీయించిన సినిమాలో ఇది కళ్ళకు కనిపిస్తుంది. పై పొర మట్టి నిండేవరకు నీరు ముతక పొర అంచు దగ్గరే ఆగిపోతుంది. అంటే కంకర పోయడం వల్ల తడి పోలేదు, అడుగున ఉండాల్సినదల్లా కంకర పోసినంత ఎత్తు పైకి, వేళ్ళ దగ్గరికి చేరింది. చిల్లి మీద ఒక పెంకు ముక్కో మెష్ ముక్కో పెడితే చాలు, మట్టి జారిపోకుండా ఉంటుంది. మిగతా ఎత్తంతా ఒకే మిశ్రమంతో నింపాలి.

ఊళ్ళలో కంచెల వెంట, ఇంటి ముందు నేలలో ఉత్త ఎర్రమట్టిలోనే ఈ కాక్టస్‌లు ఏపుగా పెరుగుతున్నాయి కదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అవును, పెరుగుతున్నాయి. నేలలో మట్టి కింద మళ్ళీ మట్టి, దాని కింద మొరం. పైనున్న నీటిని కింది పొరలు అలా లాగుతూనే ఉంటాయి. కుండీలో ఆ వరుస తెగిపోతుంది. ఎక్కడ కుండీ అడుగు వచ్చిందో అక్కడే లాగడం ఆగిపోతుంది. కాబట్టి తోటలో మంచి మట్టి అనిపించుకున్నదే కుండీలోకి వచ్చేసరికి బురద అవుతుంది. ఎర్రమట్టి తడిస్తే ముద్ద, ఆరితే గట్టి గడ్డ. నల్లరేగడి ఇంకా కష్టం, తడికి ఉబ్బి, ఎండకు బిగిసి వేళ్ళను తెంపుతుంది. ఇలాంటి మట్టిలో సగానికి సగం ఇసుక కలిపితే బాగుపడుతుందనుకోవడం కూడా పొరపాటు. సన్న బంకరేణువులు ఇసుక గింజల మధ్య ఖాళీల్లోకి దూరి ఉన్న కాస్త గాలినీ మింగేస్తాయి. కడియం నర్సరీల నుంచి గానీ, మరెక్కడి నుంచి గానీ మొక్క మట్టిముద్దతో ఇంటికి వస్తే, ఆ ముద్దను అలాగే కొత్త మిశ్రమం మధ్యలో పెట్టకూడదు. చుట్టూ ఎంత మంచి చిప్స్ వేసినా మధ్యలో ముద్ద తడిని వదలదు. ఎండనిచ్చి, నెమ్మదిగా విదిలించి, వేళ్ళ మధ్య మట్టిని వీలైనంత తీసేయాలి.

మరి ఏం వేయాలి? బయటి దేశాల పుస్తకాలు ప్యూమిస్ అంటాయి. తేలికగా, సందులతో నిండి ఉండే అగ్నిపర్వత రాయి అది. ఇక్కడ దొరికినా ఖరీదు. దానికి మన దగ్గర మంచి బదులు బాగా కాలిన ఎర్ర ఇటుక. ఇటుక ముక్క తన లోపల కొంత నీరు దాచుకుంటుంది, ముక్కల మధ్య సందుల్లో గాలిని ఉంచుతుంది. సరిగా కాలని ఇటుక కొన్నాళ్ళకు నాని మళ్ళీ మట్టి అయిపోతుంది కాబట్టి ముక్కల్ని రాత్రంతా నీళ్ళలో వేసి, పొద్దున నలిపి చూసి తీసుకోవాలి. సిమెంటు ఇటుకలు, బూడిద ఇటుకలు దీనికి పనికిరావు. ఎర్ర ఇటుకకు తోడు సన్న గ్రానైట్ చిప్స్, 6 మిల్లీమీటర్ల రకం. క్రషర్ నుంచి వచ్చే రోబో ఇసుక వాడేవాళ్ళున్నారు. అందులో ముతక గింజ మంచిదే, వెంట వచ్చే రాతిపొడే ప్రమాదం. నది ఇసుకైనా, రోబో ఇసుకైనా, ఇటుక ముక్కలైనా కిటికీకి కొట్టే దోమల మెష్ మీద జల్లించి, కిందికి రాలినదంతా పారేసి, పైన మిగిలినదాన్ని కడిగి వాడితే సందేహం ఉండదు. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క పనే చేయగలిగితే చేయాల్సింది ఈ జల్లెడ పనే. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, అందులో ఉప్పుంటుంది. పెర్లైట్ గాలిని బాగా ఉంచుతుంది గానీ గట్టి వానకు పైకి తేలిపోతుంది. అంతకన్నా ముఖ్యం, మీటరు ఎత్తు కాక్టస్ తల బరువుకు ఆ తేలిక మిశ్రమం నిలవదు, గాలివానకు కుండీతో సహా పడిపోతుంది. నిలువు కాక్టస్‌కు రాతి బరువు కూడా అవసరమే.

నా లెక్కలో 2 నుంచి 6 మిల్లీమీటర్ల గింజ మూడు పాళ్ళు, అందులో సగం ఇటుక, సగం రాయి. దానికి బాగా చివికిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో జల్లించినది ఒక పాలు. పాళ్ళు డబ్బాతో కొలవాలి, తూకంతో కాదు. కోస్తాలో వానకు తడిసే చోట గింజను నాలుగు పాళ్ళు చేయడం మేలు. అనంతపురం వంటి పొడి ప్రాంతంలో, వేగంగా పెరిగే సీరియస్ (Cereus) అనే రకం కాక్టస్‌లకు రెండు పాళ్ళు చాలు. కోకోపీట్‌ను నేను వేయమనను. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టుకుంటుంది. సున్నం కలపమనే సలహా కూడా మన దగ్గర అనవసరం. తెలంగాణ, రాయలసీమ బోరు నీళ్ళలో చాలాచోట్ల ఇప్పటికే సున్నపు లవణాలు ఎక్కువ.

మిశ్రమం బాగుందో లేదో ఇంట్లోనే కొలవొచ్చు. పోసిన నీరు ఎంత త్వరగా మాయమైందని చూడటం సరైన పరీక్ష కాదు. నీరు గబగబా దిగినా లోపల చాలా మిగిలిపోవచ్చు. కుండీ చిల్లులు టేపుతో మూసి, లీటరు మగ్గుతో కొలుస్తూ మిశ్రమం నింపాలి. నెమ్మదిగా నీరు పోసి పైదాకా నిండనివ్వాలి. ఇటుక తాగినంత తాగేందుకు కొన్ని గంటలు ఆగి, తగ్గినంత మళ్ళీ పోయాలి. తరువాత టేపు తీసి, కారిన నీటినంతా గిన్నెలో పట్టి కొలవాలి. కారిన నీరు ఎంతో లోపలికి వచ్చిన గాలి అంత. లీటరు మిశ్రమానికి పావు లీటరన్నా కారితే నిశ్చింతగా నాటవచ్చు. సన్న ఇసుక, ఎర్రమట్టి కలిపిన కుండీలో ఇందులో కొద్ది భాగమే కారుతుంది. మొక్క ఉండబోయే ఎత్తు కుండీలోనే ఈ పరీక్ష చేయాలి.

ఇంత శ్రమ ఎందుకు, నీళ్ళు తక్కువ పోస్తే సరిపోదా అనిపించవచ్చు. ఎండాకాలంలో నీళ్ళు మన చేతిలో ఉంటాయి. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు, కార్తీకంలో తుపాను వచ్చినప్పుడు ఉండవు. పైగా బరువైన మట్టిలో భయం భయంగా చెంబెడు పోస్తూ ఉంటే పైన రెండు అంగుళాలే తడుస్తాయి. కింది వేళ్ళు ఎండుతూ ఉంటాయి, బోరు నీటి ఉప్పు కుండీలోనే పేరుకుంటుంది. గింజ మిశ్రమంలో అయితే అడుగు నుంచి కారేదాకా ధారాళంగా పోయవచ్చు, పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ పోయవచ్చు. దానికి చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. రాతిలో పోషకాలు నిలవవు. పెరిగే నెలల్లో నీటిలో కరిగే ఎరువును డబ్బా మీద రాసిన దానిలో సగం మోతాదులో నెలకోసారి ఇవ్వాలి.

ఇటుక, రాయి ఏళ్ళ తరబడి ఉంటాయి గానీ ఎరువు మన వేడికి త్వరగా చివికి, పొడై, సందుల్ని పూడుస్తుంది. అందువల్ల రెండేళ్ళకోసారి మిశ్రమం మార్చడం మంచిది. మాఘ ఫాల్గుణాల్లో, ఎండలు ముదరకముందే, పాతది దులిపి, గింజను జల్లించి కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. కొత్త కుండీ పాతదాని కన్నా చుట్టూ రెండు వేళ్ళ వెడల్పే ఎక్కువ ఉండాలి. మార్చిన వారం దాకా నీళ్ళు పోయకుండా నీడలో ఉంచితే తెగిన వేళ్ళ చివరలు ఆరి మూసుకుంటాయి.