సర్వరు వ్రాసిన ఉత్తరం

మన కార్యాలయాలలోని సర్వర్లు రాత్రింబవళ్ళు ఉత్తరాలు వ్రాస్తూనే ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. లినక్స్ యంత్రాలలో నిర్ణీత వేళకు పనులు నడిపించే 'క్రాన్', జంట డిస్కులను కనిపెట్టి ఉండే 'ఎమ్‌డీఆడమ్' వంటి ప్రోగ్రాములు, చెప్పవలసినది ఏదైనా ఉంటే సాధారణంగా 'రూట్' పేరిట ఈమెయిల్ పంపుతాయి. రూట్ అనే మనిషి ఎవరూ లేరు. ఇక ఆ పెట్టెను తెరిచి చూసేదెవరు?

మా విభాగంలో జరిగినదీ అదే. జంట డిస్కులలో ఒకటి చెడిపోయిన వార్త పదకొండు రోజులపాటు ఆ పెట్టెలోనే పడి ఉన్నది. రెండవది కూడా మొరాయించిన నాడు గాని మేము మేల్కొనలేదు. బ్యాకప్ టేపుల నుండి సమాచారమంతా తిరిగి ఎక్కించడానికి రెండు రాత్రులు పట్టింది.

అటుపిమ్మట ఆ ఉత్తరాలను సిబ్బంది నిత్యం చూసే చాట్‌కు మళ్ళించాము. పని పెద్దదేమీ కాదు. పోస్ట్‌ఫిక్స్‌లోని ఏలియాస్ పట్టికలో ఒక్క పంక్తి చేర్చితే, రూట్‌కు వచ్చిన ఉత్తరం ఒక చిన్న స్క్రిప్టు చేతికి వెళుతుంది. అది విషయాన్ని, మొదటి కొన్ని పంక్తులను తీసి వెబ్‌హుక్ చిరునామాకు పంపుతుంది. సర్వర్ల పేర్లు, లోపలి వివరాలు బయటివారి యంత్రాలకు పోరాదని, సొంత సర్వరుపైనే నెలకొల్పుకోదగిన మ్యాటర్‌మోస్ట్‌ను ఎంచుకున్నాము.

మొదటి వారం 'పని సవ్యంగా ముగిసినది' అనే సందేశాలే కుప్పతెప్పలుగా వచ్చాయి. విసిగి అందరూ గంట మోత ఆపివేశారు; పాత పెట్టెకూ దీనికీ తేడా లేకపోయింది! ఇప్పుడు లోపాలు మాత్రమే వస్తున్నాయి. చూసినవారు అక్కడే తమ పేరు వ్రాస్తున్నారు. ఒక ప్రతిని మాత్రం షిఫ్టు ఇంజనీరు మెయిలుకు పంపుతూనే ఉన్నాము. చాట్ సర్వరే నిలిచిపోయిన నాడు ఆ కబురు చాట్‌లో రాదు కదా.