చేయి అందని చోట ఉండే నీటి పంపు

మన గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు, కూరగాయలు తెచ్చే డీసీఎం వ్యాన్లను రోజూ చూస్తుంటాం. దారిలో ఇంజను వేడెక్కితే డ్రైవరు బండిని పక్కకు ఆపి, చల్లారాక రేడియేటరులో నీళ్లు పోసుకుంటాడు. సముద్రం మీద అలా పక్కకు ఆపడానికి రోడ్డు ఉండదు. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల నుంచి వేటకు వెళ్లే మరబోటు ఇంజను నడిసముద్రంలో ఆగిందంటే, గాలి ఎటు తోస్తే బోటు అటు కొట్టుకుపోతుంది. అలా జరగకుండా కాపాడే భాగాల్లో ఒకటి అరచేతిలో ఇమిడే రబ్బరు చక్రం. దాని సంగతి తెలుసుకుందాం.

పంపు ఎలా పనిచేస్తుంది?

చాలా బోట్లలో అడుగున ఉన్న వాల్వు ద్వారా బయటి నీరు లోపలికి వస్తుంది. జాలిలో వడకట్టబడి పంపును చేరుతుంది. పంపు ఆ నీటిని హీట్ ఎక్స్ఛేంజరులోకి తోస్తుంది. అక్కడ అది ఇంజను వేడిని తీసుకుని, పొగతో కలిసి గొట్టం గుండా బయటపడుతుంది.

పంపు లోపల ఉండే రబ్బరు రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. పంపు గది గోడకు ఒక పక్క మిట్ట ఉంటుంది. మిట్ట దాటిన రెక్క నిటారుగా అవుతుంది. రెక్కల మధ్య ఖాళీ పెరిగి నీరు లోపలికి పీల్చుకోబడుతుంది. మళ్లీ మిట్ట దగ్గర రెక్క వంగినప్పుడు నీరు బయటకు నెట్టబడుతుంది. ఈ రెక్కలకు నీరే కందెన. నీరు లేకుండా తిరిగితే కొద్దిసేపట్లోనే రాపిడికి కాలి చిరిగిపోతాయి.

ఎందుకు నిర్లక్ష్యం చేస్తారు?

ఈ పంపు చాలా ఇంజన్లలో కింది భాగాన, గోడ వైపు తిరిగి ఉంటుంది. మూత స్క్రూలు కంటికి కనపడవు, చేయి దూరదు. జారిన స్క్రూ అడుగున ఉన్న మురికి నీటిలో పడుతుంది. అందుకే "నడుస్తోంది కదా" అని వదిలేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

విప్పే పద్ధతి

1. ఇంజను ఆపి చల్లారనివ్వాలి. అడుగు వాల్వు మూసి, ఇంజను తాళం చెవిని ఆ వాల్వు పిడికే కట్టాలి. అప్పుడు వాల్వు తెరవడం మరచి ఇంజను స్టార్ట్ చేసే అవకాశం ఉండదు.

2. పంపు కింద గుడ్డ పరిస్తే జారిన స్క్రూ అందులోనే పడుతుంది. చిన్న అద్దం, టార్చిలైటు దగ్గర ఉంచుకోవాలి. సెల్‌ఫోను లోపలికి పెట్టి ఫొటో తీసినా సరిపోతుంది.

3. మూత అందకపోతే పంపునే ఊడదీసి, పైకి తెచ్చి వెలుతురులో పనిచేయడం మేలు.

4. పాత ఇంపెల్లర్ రెక్కలను వంచి, మొదళ్ల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. రెక్క విరిగి ఉంటే ఆ ముక్కను వెతికి తీయాల్సిందే. లేకపోతే అది ముందుకు పోయి హీట్ ఎక్స్ఛేంజరులో నీటికి అడ్డుపడుతుంది.

5. కొత్తదానికి గ్లిజరిన్ గానీ సబ్బునీరు గానీ రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. రెక్కలను తిరిగే దిశకు వ్యతిరేకంగా వంచి దారంతో కట్టి లోపలికి నెట్టాలి. సగం దూరాక దారం తీసేయాలి.

6. కొత్త ప్యాకింగ్ వేసి మూత బిగించి, వాల్వు తెరిచి స్టార్ట్ చేయాలి. గొట్టం నుంచి నీరు రాకపోతే వెంటనే ఇంజను ఆపాలి.

పంపు మెడ కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ నీటి చుక్కలు కనిపిస్తే నీటి సీలు, నూనె కనిపిస్తే ఆయిల్ సీలు అరిగిందని అర్థం. కారుతోందని ఆ రంధ్రాన్ని మూసేయకూడదు. జబ్బును ముందుగా చెప్పేది అదే.

అదను ఎప్పుడు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు రేవులోనే ఉంటాయి కాబట్టి మరమ్మతుకు ఇదే అదను. కదలకుండా ఉన్న ఇంపెల్లర్ రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి. అందుకే దాన్ని తీసి ఉంచి, వేటకు వెళ్లే ముందు కొత్తది వేయడం మంచిది. బోటులో మరొకటి అదనంగా ఉండాలి.

మన హుస్సేన్ సాగర్ లాంటి చెరువుల్లో తిరిగే బోట్లకు ఉప్పునీటి బాధ లేకపోయినా, నాచు, ప్లాస్టిక్ కవర్లు నీటి దారికి అడ్డుపడవచ్చు. కనుక జాలిని తరచూ శుభ్రం చేయాలి.

తమ్ముళ్లకు ఒక మాట

ఈ పని నేర్పే చదువు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖపట్నంలో 1981 నుంచి శాఖ ఉంది. పదో తరగతిలో లెక్కలు, సైన్సు చదివి పాసైనవారికి అక్కడ మెరైన్ ఫిట్టర్ శిక్షణ ఇస్తారు. సముద్రం మనకు దూరమైనా ఆ కోర్సు దూరం కాదు. ఫిజిక్సులో పీడనం పాఠం వచ్చినప్పుడు ఈ రబ్బరు రెక్కలను గుర్తుచేసుకోండి. చేయి అందని చోట ఉన్నదాన్ని ముందుగా చూసుకునేవాడే మంచి మెకానిక్.