నిద్రలో పళ్ళు కొరకటం – నైట్ గార్డు ఎంపిక

కోపం వచ్చినవాడు పళ్ళు నూరుతాడని తెలుగులో అంటాము. ఉర్దూలో అదే భావాన్ని 'దాంత్ పీస్నా' అనే పలుకుబడితో చెబుతారు. రెండు భాషలలోను ఇది క్రోధానికి గుర్తు. అయితే ఏ కోపమూ లేకుండా, కన్నుమూసి నిద్రిస్తున్న మనిషి కూడా పళ్ళు పటపట కొరకటం, దవడలు బిగబట్టటం మన ఇళ్ళలోను, వసతి గృహాలలోను వింటున్నదే. పక్క మంచం మీది మిత్రునికి ఆ శబ్దం వినిపిస్తుంది. కొరికేవానికి మాత్రం తెలియదు. బిగబట్టటంలోనైతే శబ్దం కూడా ఉండదు. వైద్యులు దీనిని 'బ్రక్సిజం' అంటారు. పళ్ళు నూరటమనే అర్థం గల గ్రీకు పదం నుండి ఈ పేరు ఏర్పడింది. పెద్దవారిలో నూటికి 8 నుండి 13 మందికి ఈ అలవాటు ఉన్నట్లు అంచనా. పిల్లలలో ఇంకా ఎక్కువ.

కడుపులో నులిపురుగులుంటే పళ్ళు కొరుకుతారని మన పెద్దలు చెబుతారు. ఆ మాట నమ్మి పురుగుల మందు ఇచ్చి ఊరకుంటే సరిపోదు. ఎగుడుదిగుడు పళ్ళే దీనికి మూలమని వైద్యులు సైతం ఒకప్పుడు భావించారు. నేటి శాస్త్రం మాత్రం మూలాన్ని మెదడులో వెదకుతున్నది. తేలిక నిద్రలో మెదడు క్షణకాలం మేల్కొనబోతుంది; గుండె వేగం పెరుగుతుంది; వెనువెంటనే నమిలే కండరాలు లయబద్ధంగా ముడుచుకుంటాయి. మానసిక ఆందోళన, పొగాకు, మద్యం, అతిగా కాఫీ, మనోవ్యాకులతకు వాడే కొన్ని మందులు, గురకతో పాటు ఊపిరి ఆగే జబ్బు – ఇవి దానిని అధికం చేస్తాయి. పరీక్షల రోజులలో రాత్రంతా టీ కాఫీలతో మేల్కొనే విద్యార్థులు ఈ జాబితాను గమనించవలసి ఉన్నది.

దీనివలన కలిగే నష్టమేమిటి? విశ్రాంతిగా ఉన్నప్పుడు పై పళ్ళకు, కింది పళ్ళకు నడుమ 2 నుండి 4 మిల్లీమీటర్ల ఎడం ఉండటం సహజం. పళ్ళు ఎప్పుడూ ఒకదానినొకటి నొక్కుతూ ఉండటానికి ఏర్పడినవి కావు. పంటిని కప్పి ఉండే ఎనామెల్ అనే పింగాణీ పొర మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. దాని బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. కాని అందులో జీవకణాలు లేవు. చర్మం తెగితే అతుకుకుంటుంది, ఎముక విరిగితే కలుస్తుంది. అరిగిన ఎనామెల్ మాత్రం తిరిగి పెరగదు. పొర పలుచబడితే చన్నీళ్ళకు పళ్ళు జివ్వుమంటాయి. చివరకు పన్ను బీటలు వారవచ్చు. ఉదయం లేవగానే దవడ పట్టివేయటం, కణతలు నొప్పి పెట్టటం కూడా ఈ అలవాటుకు సూచనలే.

ఇక్కడ నైట్ గార్డు అవసరమవుతుంది. ఇది ఒక వరుస పళ్ళ మీద రాత్రివేళ తొడుగుకొనే కవచం. పన్ను పన్నును అరగదీయకుండా, ఆ రాపిడిని తాను భరిస్తుంది. ఒక విషయం మొదటనే స్పష్టం చేసుకుందాము: ఇది కవచమే గాని ఔషధం కాదు. 2007లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష కూడా, ఇటువంటి తొడుగులు నిద్రలో కొరికే అలవాటును నయం చేస్తాయనటానికి తగిన ఆధారాలు లేవనీ, పంటి అరుగుదల విషయంలో మేలు ఉండవచ్చుననీ తేల్చింది.

'పళ్ళు రాలగొట్టుకోవటానికి ఏ రాయైతేనేమి' అని మన సామెత. రాలగొట్టుకోవటానికి ఏ రాయైనా చాలును గాని, కాపాడుకోవటానికి ఏ తొడుగైనా చాలదు. ముఖ్యంగా నాలుగు రకాలు లభిస్తున్నవి.

మొదటిది, దుకాణంలో కొని, వేడినీటిలో మెత్తబరచి, మనమే కొరికి అచ్చు వేసుకొనేది. వెల తక్కువ. కాని మందంగా, వదులుగా ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. కొద్ది వారాల తాత్కాలిక అవసరానికే ఇది తగినది. రెండవది, వైద్యుడు మన పళ్ళ అచ్చు తీసి చేయించే మెత్తనిది. ధరించటం సులభమే గాని, బలంగా కొరికేవారి వద్ద ఎక్కువ కాలం నిలువదు. మూడవది, లోపల మెత్తగా, పైన గట్టిగా ఉండే రెండు పొరలది. గట్టి తొడుగును సహింపలేనివారికి ఇది అనుకూలం. నాలుగవది, గట్టి ఆక్రిలిక్‌తో చేసినది. మొదట కొన్ని రాత్రులు ఇబ్బందిగా తోచినా, తీవ్రంగా కొరికేవారికి ఇదే ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది.

మెత్తనిదే సుఖమని భావించటం సహజం. అయితే 1987లో అమెరికా దంతవైద్యుడు జెఫ్రీ ఒకెసన్ పదిమందిపై జరిపిన పరిశీలనలో, గట్టి తొడుగు ఎనిమిది మందిలో రాత్రి కండరాల బిగింపును తగ్గించింది. మెత్తనిది ఐదుగురిలో దానిని పెంచింది. నోటికి మెత్తని వస్తువు తగిలితే నమలబుద్ధి కావటం ఇందుకు కారణం కావచ్చును. పదిమందిని చూసి సూత్రం చేయలేము గాని, మెత్తదనమొక్కటే ఎంపికకు కొలబద్ద కారాదని మాత్రం గ్రహించవచ్చును.

ఏ రకమైనా, తొడుగు ఆ వరుసలోని పళ్ళన్నింటినీ కప్పవలెను. కొన్నింటినే కప్పితే, తక్కిన పళ్ళు కాలక్రమాన జరిగి కాటు మారే ప్రమాదమున్నది. వైద్యుడు రంగు కాగితం కొరికించి, ఎదుటి పళ్ళు తొడుగుపై సమంగా ఆనుతున్నవో లేదో పరీక్షించి సరిచేయవలెను. దుకాణంలో కొన్నదానికి ఈ సవరణ ఉండదు. బిగ్గరగా గురకపెట్టి, నడుమ ఊపిరి ఆగేవారు ముందుగా ఆ జబ్బుకు పరీక్ష చేయించుకోవలెను. పై పళ్ళ తొడుగు కొందరిలో ఆ బాధను అధికం చేయవచ్చును. పళ్ళు ఇంకా వస్తూ, దవడ పెరుగుతూ ఉన్న పిల్లలకు వైద్యుని సలహా లేనిదే తొడుగు పెట్టరాదు.

తొడుగును ప్రతి ఉదయం చన్నీటితో కడిగి, మెత్తని బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, గాలి తగిలే డబ్బాలో ఉంచవలెను. వేడినీరు తగిలితే ఆకారం చెడుతుంది. తీసిన తరువాత కాటు చాలసేపు తేడాగా తోస్తే, లేక తొడుగుకు బీట పడితే, వైద్యునికి చూపవలెను.

వెల విషయం విద్యార్థులకు భారమని మాకు తెలియును. హైదరాబాదులోను, విజయవాడలోను ప్రభుత్వ దంత వైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నవి. ముందుగా అటువంటి చోట పళ్ళు చూపించుకొని, అరుగుదల ఎంత ఉన్నదో తెలుసుకొని, ఆ పిమ్మట తొడుగు సంగతి ఆలోచించటం వివేకం. అరుగుదల లేనివారికి తొడుగే అవసరం కాకపోవచ్చును. కళాశాల సంఘంవారు ఏటా ఒకసారి వసతి గృహంలో దంత పరీక్ష ఏర్పాటు చేయగలిగితే, తమ అలవాటు తమకే తెలియని విద్యార్థులకు ఎంతో మేలు జరుగుతుంది. అంతవరకు పక్క మంచం మిత్రుడు ఉదయాన ఒక మాట చెప్పినా అది ఉపకారమే.