రెండు మొనల మధ్యే కరెంటు

మెదడు, వెన్ను ఆపరేషన్లలో డాక్టరు చేతికి పదే పదే వచ్చే పనిముట్టు బైపోలార్ ఫోర్సెప్స్. చూడ్డానికి పొడవాటి పట్టకారు. వెనక వైపు ఒక వైరు, ఆ వైరుకో యంత్రం, యంత్రానికో పెడల్. సన్నని రక్తనాళం నుంచి కారే రక్తాన్ని, పక్కనున్న నరానికి దెబ్బ తగలకుండా ఆపడమే దీని పని. దాని గురించి కొన్ని విశేషాలు...

● షాక్ ఎందుకు కొట్టదు? మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆపరేషన్ థియేటర్ యంత్రంలో అది సాధారణంగా కొన్ని లక్షల సార్లు. అంత వేగానికి నరాలు, కండరాలు స్పందించలేవు. మిగిలేది వేడి ఒక్కటే. ఈ సూత్రానికి 1891లో దారి చూపింది ఫ్రెంచి శాస్త్రవేత్త దార్సోన్వాల్.

● వేడి పుట్టేది ఎక్కడ? కాల్చి రక్తం ఆపడం కొత్త కాదు. సుశ్రుత సంహితలో అగ్నికర్మ గురించి వివరంగా ఉంది. అయితే అక్కడ ముందు కాలేది వస్తువు, దాన్నుంచి వేడి ఒంటికి తగులుతుంది. ఇక్కడ కరెంటు కణజాలం గుండా పోవడం వల్ల వేడి కణజాలంలోనే పుడుతుంది.

● మొక్కల శాస్త్రం చదివి... కరెంటుతో రక్తం ఆపే యంత్రానికి పేరు తెచ్చిన విలియం బోవీ డాక్టరు కాదు, వృక్ష శరీరధర్మశాస్త్రంలో పరిశోధన చేసినవాడు. రక్తం ఆగక మధ్యలోనే వదిలేసిన ఓ తల కణితి ఆపరేషన్‌ను న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ 1926 అక్టోబరు 1న బోస్టన్‌లో ఈ యంత్రం సాయంతో పూర్తిచేశాడు. పేటెంటును బోవీ ఒక్క డాలరుకు ఇచ్చేశాడు.

● ప్లేటు అక్కర్లేదు. బోవీ పద్ధతి మోనోపోలార్. కరెంటు డాక్టరు చేతిలోని మొన నుంచి బయల్దేరి, రోగి ఒంటి గుండా సాగి, తొడకో వీపుకో అంటించిన ప్లేటు ద్వారా యంత్రానికి చేరాలి. ప్లేటు సరిగ్గా అంటకపోతే అక్కడ చర్మం కాలొచ్చు. బైపోలార్‌లో కరెంటు ఒక మొన నుంచి ఎదుటి మొనకే వెళ్తుంది. రెండింటి మధ్య ఉన్న కాస్త కణజాలమే దాని దారి.

● ఎవరి ఆలోచన? అమెరికాలోని హ్యూస్టన్‌కు చెందిన న్యూరోసర్జన్ జేమ్స్ గ్రీన్‌వుడ్ 1940లో రెండు మొనల పద్ధతిని ప్రకటించాడు. 1950లలో న్యూయార్క్‌లో లెనార్డ్ మేలిస్ దానికి తగిన యంత్రాన్ని తీర్చిదిద్దాడు. తర్వాత మైక్రోస్కోపు కింద చేసే మెదడు ఆపరేషన్లకు ఇది తప్పనిసరి అయింది.

● మొనలు తాకితే పని జరగదు. గట్టిగా నొక్కితే ఎక్కువ పనిచేస్తుందనుకుంటే పొరపాటే. మొనలు ఒకదానికొకటి అంటుకుంటే కరెంటు లోహం గుండానే దాటిపోతుంది, రక్తనాళానికి వేడి అందదు. నడుమ కొంచెం ఎడం ఉండాల్సిందే.

● ఎంత వేడి చాలు? 60 డిగ్రీలు దాటితే ప్రొటీన్లు కోడిగుడ్డు తెల్లసొనలా గట్టిపడతాయి, నాళం మూసుకుంటుంది. అంతకన్నా బాగా పెరిగితే కణజాలం మాడి మొనకు అంటుకుంటుంది. పట్టకారు తీసేటప్పుడు అది ఊడి వచ్చి, ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. అందుకే పక్క నుంచి సెలైన్ చుక్కలు వేస్తుంటారు. వేడిని త్వరగా లాగేసే వెండి మిశ్రమంతో మొనలు చేయడం కూడా అందుకే.

● ఆ వంపు అలంకారం కాదు. మెదడు ఆపరేషన్లలో వాడే పట్టకారుకు మధ్యలో మెట్టులాంటి వంపు ఉంటుంది. పట్టుకున్న చెయ్యి మైక్రోస్కోపు చూపుకు అడ్డం రాకుండా పక్కకు తప్పుకుంటుంది. మొన వెడల్పు అర మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ ఉన్నవీ దొరుకుతాయి.

● మళ్లీ వాడాలంటే. రక్తం ఆరిపోక ముందే తడి గుడ్డతో తుడవాలి. మాడిన పొరను బ్లేడుతో గీకితే గీతలు పడి, మరుసటిసారి ఇంకా ఎక్కువ అంటుకుంటుంది. కడిగాక భూతద్దం కింద పెట్టి, మొనలు సమంగా కలుస్తున్నాయో లేదో, పైనున్న ఇన్సులేషన్ పూతలో ఎక్కడైనా పగులుందేమో చూస్తారు. సన్నని పగులు నుంచి కూడా కరెంటు బయటికి పోయి అనుకోని చోట కాల్చవచ్చు. పగులు కనిపిస్తే ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టాల్సిందే. బాగుంటే ఆటోక్లేవ్‌లోకి వెళ్తుంది, తరచుగా 134 డిగ్రీల ఆవిరిలోకి.

● ఆవిరికీ లొంగనివి. మెదడును దెబ్బతీసే ప్రియాన్లు అనే వికృత ప్రొటీన్లు మామూలు స్టెరిలైజేషన్‌కు పూర్తిగా నశించవు. అవి టాన్సిల్స్‌లోనూ ఉండవచ్చన్న భయంతో ఇంగ్లండ్‌లో 2001 జనవరిలో టాన్సిల్ ఆపరేషన్లకు ఒక్కసారి వాడి పారేసే పనిముట్లే వాడాలన్నారు. రక్తస్రావం సమస్యలు పెరగడంతో అదే ఏడాది డిసెంబరులో పాత పద్ధతిని మళ్లీ అనుమతించారు. కొత్తదన్న మాత్రాన పనిముట్టు మంచిదైపోదని అప్పుడు తేలింది.

● మీకు పనికొచ్చేది. పేస్‌మేకర్ ఉన్నవారికి మోనోపోలార్ కరెంటు చిక్కు తేవచ్చు. వీలున్న చోట డాక్టర్లు బైపోలార్ వైపే మొగ్గుతారు. మీకో, మీ ఇంట్లో పెద్దవాళ్లకో పేస్‌మేకర్ ఉంటే, ఆపరేషన్ ఎంత చిన్నదైనా సరే, ఆ సంగతి సర్జన్‌కూ మత్తు డాక్టరుకూ ముందే చెప్పండి. పేస్‌మేకర్ కార్డు వెంట తీసుకెళ్లండి.