ప్రమేహానికి ఉసిరిక, పసుపు

పర్ణశాల అడవులలో కార్తీకమాసం రాగానే ఉసిరిక కాపుకు వస్తుంది. ప్రమేహానికి ఉసిరిక, పసుపు జోడియే శ్రేష్ఠమని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో నిర్ణయించారు. ఎందుకో నేటి శాస్త్రం కొంత వివరిస్తున్నది.

ప్రాణవాయువును వినియోగించుకొనే ప్రతి కణంలోనూ కొన్ని విషపదార్థాలు పుడతాయి. వాటిని అణచుటకు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్ వంటి ఎంజైములను దేహమే తయారుచేసుకుంటుంది. మొదటిదాని పనిని 1969లో అమెరికాలో మెక్‌కార్డ్, ఫ్రిడొవిచ్ కనుగొన్నారు. మధుమేహం ముదిరినచో ఈ కాపలా చాలదు. పసుపులోని కర్క్యుమిన్ తానుగా పోరాడుటకన్న, కణాన్ని స్వల్పంగా రెచ్చగొట్టి ఆ ఎంజైములను అధికంగా పుట్టించునని ప్రయోగశాలలలో తేలింది. చేదు, వగరు రుచులను మన పెద్దలు విందులో సైతం వదలనిది ఊరకనే కాదు!

అయితే ఆహారం వేరు, మాత్ర వేరు. ఫిన్లాండులో పొగత్రాగే 29,133 మంది పురుషులపై జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటాకెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతం హెచ్చింది. గాఢమైన పసుపు మాత్రలతో కాలేయం చెడినవారూ ఉన్నారు. కూరలో వేసే పసుపుతో ఆ భయం లేదు.

పచ్చి ఉసిరిక ఒకటి దంచి, చిటికెడు పసుపు కలిపి ఉదయం సేవించండి. దీనిని నమ్మి ఇన్సులిన్ మానుట ప్రాణాపాయం. చక్కెర తగ్గుటకు మాత్రలు వాడేవారు వైద్యునికి చెప్పి, పరీక్ష చేయించుకుంటూ వాడవలెను. పాకంలో ఊరిన ఉసిరిక మురబ్బా మాత్రం మధుమేహులకు పనికిరాదు.