రేగుకు నీళ్ళకన్నా అదను ముఖ్యం

జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా మెట్‌పల్లి వైపు పోతుంటే దారికి రెండు పక్కలా మామిడి తోటలు, పసుపు, మక్క, వరి కనిపిస్తాయి. సిరిసిల్ల దిక్కు మళ్ళితే గుట్టలు, మొరం నేలలు, పత్తి చేన్లు. ఈ అన్ని చోట్లా ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా గట్ల మీదా బీళ్ళలోనూ పెరిగేది రేగు. సంక్రాంతి దగ్గరపడితే దాని పండ్లు గంపల్లో బజారుకొస్తాయి. మిగతా పది నెలలూ అది దారికి అడ్డమొచ్చే ముళ్ళ కంపే. ఈ చెట్టు మీద రైతులకూ, పెరటి మొక్కలు పెంచేవాళ్ళకూ, పండ్లు తినేవాళ్ళకూ వచ్చే సందేహాలను ఒక్కొక్కటిగా చూద్దాం. జవాబులు వేరువేరుగా కనిపించినా చాలావరకు ఒక్క సంగతి మీదే నిలబడతాయి: రేగు తన ఏడాదిని వానను చూసి పంచుకుంటుంది.

ఎండాకాలంలో అన్నీ మాడిపోతుంటే రేగు ఎందుకు చావదు?

మొదటి కారణం వేరు. గింజ మొలకెత్తగానే పైన కొమ్మ సాగకముందే కింద తల్లివేరు లోతుకు దిగుతుంది. పై మన్ను ఎండినా అడుగు తడి దానికి అందుతుంది. రెండోది ఆకు. రేగాకును తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది. ఆకు నుంచి తేమ ఆవిరై పోకుండా ఆ నూగు అడ్డుపడుతుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం మూడోది. ఎండలు ముదిరేసరికి చెట్టు ఆకు రాల్చి నిద్రకు పోతుంది. తొలకరికి చిగురిస్తుంది, వానకాలం నడిమి నుంచి చివరిదాకా పూస్తుంది, నేలలో మిగిలిన తడితో కాయను పెంచుతుంది, చలికాలంలో పండిస్తుంది. జగిత్యాల మామిడితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. మామిడి కాయ ఊరేది ఎండాకాలంలో, నీటి అవసరం పెరిగే రోజుల్లోనే. రేగుకు ఆ రోజుల్లో కాయా ఉండదు, ఆకూ ఉండదు. కరువును ఓర్చుకోవడం అంటాం గానీ, నిజానికి కరువు రోజులకు పని పెట్టుకోకుండా ఉండడమే దీని నేర్పు.

ముళ్ళు ఎందుకు, అవీ జంటలుగా ఎందుకు?

ఆకు కాడ మొదట్లో రెండు పక్కలా ఉండే చిన్న పత్రపుచ్ఛాలే రేగులో ముళ్ళయ్యాయి. ఆకు దగ్గర రెండుంటాయి కాబట్టి ముళ్ళూ జంటే. సాధారణంగా ఒకటి నిటారుగా, రెండోది కొక్కెంలా వంగి ఉంటుంది. నిటారు ముల్లు గుచ్చుతుంది, వంగిన ముల్లు పట్టుకుంటుంది. అందుకే రేగు కంపలో చిక్కిన పంచెను ముందుకు లాగితే చిరుగుతుంది, వెనక్కి జరిగి విడిపించుకోవాలి. లేత కొమ్మలకూ, మొదట్లోంచి లేచే పిలకలకూ ముళ్ళెక్కువ. పశువుల నోటికి అందేవి అవే కదా. అయినా మేక పెదవులకు ఈ కాపలా చాలదు. ముళ్ళ మధ్య నుంచి ఆకును ఏరుకు తింటుంది.

నాటు రేగు, గంగరేగు, ఆపిల్ బేర్ ఒకటేనా?

మూడూ ఒకే జాతి. గట్ల మీద గుండ్రంగా, చిన్నగా, పుల్లగా కాసేది నాటు రేగు. ఎంపిక చేసి అంటు కట్టిన పెద్దకాయ రకాలను గంగరేగు అంటున్నాం. వీటిలో గోలా ముందుగా పండుతుంది. ఉమ్రాన్ ఆలస్యంగా, ఫిబ్రవరి, మార్చిలలో వస్తుంది. బంగారు రంగులో ఉండి రవాణాకు తట్టుకుంటుంది. కైథలి, సేబ్ ఈ రెంటికీ నడుమ. ఆపిల్ బేర్ థాయిలాండ్ నుంచి వచ్చిన పెద్దకాయ రకం. ముళ్ళు తక్కువ, నీటి శాతం ఎక్కువ, పులుపు దాదాపు లేదు. నేలబారుగా పొదలా పెరిగే నేలరేగు, నల్లటి చిన్న పండ్ల పరికి మాత్రం వేరే జాతులు. అవి ఈ కుటుంబంలో దాయాదులు.

రకం ఎంచుకోవడంలో పండగకు కూడా వాటా ఉంది. భోగినాడు పిల్లల తలల మీద పోసేది రేగుపండ్లే, రథసప్తమి స్నానంలో జిల్లేడాకులతో పాటు ఉండేదీ రేగే. సంక్రాంతి గిరాకీ కావాలంటే ముందు పండే రకం కావాలి. ఉమ్రాన్ నాటి భోగికి అమ్ముదామంటే కుదరదు.

తియ్యటి పండు గింజ నాటితే పుల్లటి కాయ ఎందుకు వస్తుంది?

రేగు పువ్వు చిన్నది, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటుంది. ఈగలు, తేనెటీగలు, కందిరీగలు దాని పుప్పొడిని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తాయి. చాలా రకాలకు తమ సొంత పుప్పొడితో కాయ సరిగా పట్టదు. కాబట్టి మీరు తిన్న పండుకు తల్లి తెలుసు గానీ తండ్రి గట్టు మీది ఏ నాటు చెట్టో చెప్పలేం. తోటలో ఒకే రకం కాకుండా రెండు మూడు రకాలు కలిపి నాటమనేదీ ఇందుకే.

గింజ పనికొచ్చేది వేరుమూలం కోసం. నాటు రేగు గింజలను లీటరు నీటికి 170-180 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళలో వేస్తే తాలు గింజలు తేలుతాయి. మునిగినవాటిని మంచినీళ్ళతో కడిగి విత్తుకోవాలి. పెంకుతో అలాగే విత్తితే మొలకకు మూడు, నాలుగు వారాలు పడుతుంది. లోపలి పప్పు దెబ్బతినకుండా పెంకు పగలగొట్టి విత్తితే వారం రోజులకే మొలుస్తుంది. చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే విత్తడం మేలు. సంచిలో ఎక్కువ కాలం ఉంచితే తల్లివేరు చుట్టలు తిరుగుతుంది. లోతుకు దిగాల్సిన వేరు మెలిపడితే కరువుకు ఆగే గుణమే దెబ్బతింటుంది.

గట్టు మీది నాటు చెట్టును గంగరేగుగా ఎలా మార్చాలి?

కొత్త గుంత తీయకుండా, కొత్త వేరు కోసం ఎదురుచూడకుండా జరిగే పని ఇది. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు నిద్రలో ఉండగా నేలకు ఒకటి రెండు అడుగుల ఎత్తులో మొదలు కోయాలి. తొలకరికి మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి తీసేయాలి. అవి పెన్సిలంత లావయ్యాక, జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా, కావలసిన రకం చెట్టు నుంచి ఈ ఏటి కొమ్మ కోసుకొచ్చి దాని మొగ్గను పలుచని బెరడుతో సహా తీయాలి. పిలక బెరడు మీద ఆంగ్ల అక్షరం టీ ఆకారంలో గాటు పెట్టి, బెరడు రెండు రెక్కలనూ విప్పి మొగ్గను లోపలికి జార్చాలి. మొగ్గ మొన మాత్రం బయట కనిపించేలా ప్లాస్టిక్ పట్టీ చుట్టాలి. రెండు మూడు వారాల్లో మొగ్గ పచ్చగా కదిలితే పట్టీ విప్పి, పై పిలకను కోసేయాలి.

వానకాలమే ఎందుకు? అప్పుడు చెట్టులో రసం పారుతుంటుంది, బెరడు సులువుగా ఊడుతుంది. ఎండాకాలంలో బెరడు కట్టెను పట్టుకుని ఉంటుంది, మొగ్గ అతకదు. ఆ తర్వాత కూడా అంటు కింది నుంచి వచ్చే ముళ్ళ పిలకలను తీస్తూనే ఉండాలి. రెండేళ్ళు వదిలేస్తే నాటు కొమ్మలే మళ్ళీ చెట్టును ఆక్రమిస్తాయి.

ఏటా కొమ్మలు ఎందుకు కొట్టాలి?

రేగు కాసేది ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మ మీద. పాత కొమ్మలు అలాగే ఉంటే కొత్త చిగురు చివర్లలో కొద్దిగా వస్తుంది, కాయ సన్నబడుతుంది, చెట్టు గుబురై ముళ్ళ మధ్యకు చెయ్యి పోదు. పండ్లు అయిపోయాక, ఆకు రాలాక, చిగురుకు ముందు నిరుటి కొమ్మలను సగానికి పైగా కత్తిరించాలి. ఒకదాని మీద ఒకటి పడినవీ, నేలను తాకేవీ, ఎండినవీ పూర్తిగా తీసేయాలి. వానలు మొదలయ్యాక కత్తిరిస్తే అప్పటికే వచ్చిన చిగురుతో పాటు రాబోయే పూత కూడా పోతుంది. నరికిన కంప చేనుకు కంచె అవుతుంది. గట్టి కట్టె గొడ్డలి కామలకూ, పొయ్యికీ పనికొస్తుంది.

పండిన కాయలోనే పురుగెందుకు కనిపిస్తుంది?

పురుగు పండులోకి పండాక దూరలేదు. కాయ బఠాణీ గింజంత ఉన్నప్పుడే పండు ఈగ తొక్క కింద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోపలి కండను తింటూ కాయతో పాటే పెరుగుతుంది. రాలిన కాయలోంచి బయటికొచ్చి చెట్టు కింది మట్టిలో కోశస్థ దశకు వెళ్ళి, తర్వాతి కాపుకు ఈగై లేస్తుంది. ఈ చక్రాన్ని మట్టి దగ్గర తెంచాలి. రాలిన కాయలను రోజూ ఏరి లోతుగా పూడ్చాలి, ఎండాకాలంలో చెట్ల కింద దున్ని కోశాలను ఎండకు పడేయాలి. పండిన కాయలున్నప్పుడు మందు కొట్టడం తినేవాళ్ళకే ప్రమాదం.

చలి, మంచు మొదలైనప్పుడు లేత కాయల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. కాయ గరుకై పగులుతుంది. పిందె దశలోనే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లాలి. చుట్టుపక్కల రైతులకు జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. తెగులు సోకిన కొమ్మను చూపించి అడగడం అంగడి సలహాకన్నా నయం.

నీళ్ళున్నచోట పెట్టకూడదా?

జగిత్యాల జిల్లాలో శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ పారే ఊళ్ళలో ఈ ప్రశ్న వస్తుంది. అంటు నాటిన మొదటి ఏడాది నీళ్ళు తప్పవు. కాపు చెట్టుకు పూత నిలిచి పిందె పెరిగే అక్టోబరు, నవంబరులలో ఒకటి రెండు తడులిస్తే కాయ పెద్దదవుతుంది, పిందె రాలడం తగ్గుతుంది. పండే రోజుల్లో తడి ఎక్కువైతే తీపి పలచబడుతుంది. ఎండాకాలంలో నీళ్ళు పెడితే నిద్రపోయే చెట్టును లేపినట్టే, అదను తప్పిన చిగురు వస్తుంది. కొంచెం చౌడున్న నేలలోనూ రేగు బతుకుతుంది. వరి పండే మంచి మడిని దీనికి ఇవ్వాల్సిన పని లేదు.

పండ్లు ఎక్కువైతే ఏం చేయాలి?

ఒక చెట్టు పండ్లన్నీ ఒక్కసారి పండవు. రంగు తిరిగినవాటిని నాలుగైదు విడతలుగా కోయాలి. పచ్చిగా కోసిన కాయ ఇంట్లో పెడితే తీపెక్కదు, వాడిపోతుంది. మరీ మాగి గోధుమరంగుకు తిరిగితే మెత్తబడి నిలవ ఉండదు.

మిగిలినవాటికి పాత దారి రేగు వడియాలు. ఇందుకు గంగరేగు పనికిరాదు, పులుపున్న నాటు రేగే కావాలి. పండ్లు కడిగి తడి ఆరాక రోట్లో బెల్లం, ఉప్పు, మిరప, జీలకర్ర వేసి కచ్చాపచ్చాగా దంచి, చిన్న బిళ్ళలుగా తట్టి ఎర్రటి ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టాలి. పండు పులుపు, బెల్లం, ఉప్పు, ఎండ నాలుగూ కలిసి బూజును దగ్గరికి రానివ్వవు. తడి తగలకుంటే ఏడాది నిలుస్తాయి.

పండు కాక ఇంకేం దొరుకుతుంది?

ఆకు మేకలకు, గొర్రెలకు మేత. రాజస్థాన్‌లో నేలరేగు ఆకును ఎండబెట్టి మేతగా దాచుకుంటారు. జీవాలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో, పశువైద్య కళాశాల ఉన్న కోరుట్ల చుట్టుపక్కల, రేగును పండ్ల లెక్కలోనే కాక మేత లెక్కలోనూ చూడాలి. లక్క పురుగుకు ఇష్టమైన చెట్లలో రేగు ఒకటి, దసలి పట్టుపురుగు కూడా దీని ఆకు తింటుంది. తెలంగాణలో దసలి పెంపకం ప్రధానంగా మద్ది చెట్ల మీద నడుస్తుంది.

అయితే ఎకరం వేయాలా?

20 అడుగుల దూరంలో నాటితే ఎకరానికి 108 చెట్లు, 25 అడుగులైతే 70 దాకా పడతాయి. పోషణ బాగుంటే ఎదిగిన అంటు చెట్టు క్వింటాలు దాకా కాస్తుంది. చిక్కంతా అందరి పండూ ఒకే నెలలో బజారుకు రావడం దగ్గర ఉంది. నిలవ ఉండని పండుకు ధర ఎప్పుడు పడినా ఆపే శక్తి రైతు చేతిలో ఉండదు. కాబట్టి ఎకరాల లెక్కకు పోయేముందు కొనేవాళ్ళెవరో తేల్చుకోవాలి.

చెట్టును నిర్లక్ష్యంగా వదిలినా ముప్పే. ఉత్తర ఆస్ట్రేలియాలో పాత గనుల ఊళ్ళ చుట్టూ రేగు పశువుల బీళ్ళను ఆక్రమించి, క్వీన్స్‌లాండ్‌లో ప్రకటిత కలుపు మొక్క అయింది. అదే చెట్టును సహారా దక్షిణపు అంచున నైజర్‌లో వేరేగా వాడారు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, తన నైజర్ కేంద్రం ద్వారా గోలా వంటి మేలైన రకాలను అంటు మొక్కలుగా 'సహేల్ ఆపిల్' పేరుతో రైతులకు అందించింది. రెండు చోట్లా చెట్టు గుణం ఒకటే, మనిషి చెయ్యి పడడం పడకపోవడంలోనే తేడా.

జగిత్యాల, సిరిసిల్లల్లో ఆ చెయ్యికి ఖర్చు చాలా తక్కువ. వేరు ఇప్పటికే మీ గట్టు మీద ఉంది. ఈ ఎండాకాలం నాలుగు నాటు చెట్లను మోడు చేసి, వానకాలంలో రెండు రకాల మొగ్గలు వేసి చూడండి. మీ నేలకు ఏది కుదురుతుందో, మీ అంగడిలో ఏది పోతుందో ఆ నాలుగు చెట్లు రెండు మూడు కాపుల్లో చెబుతాయి. ఎకరం సంగతి అప్పుడు ఆలోచించవచ్చు.