మన చేతిలో ఉన్నదెంత?

వీసా పొడిగిస్తారా? స్పాన్సర్‌షిప్ ఉంటుందా? బ్రిటన్‌లో మనవాళ్లు నలుగురు కలిస్తే ఇవే మాటలు. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం శాశ్వత నివాసానికి ఐదేళ్ల గడువును పదేళ్లకు పెంచాలంది. జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు. ఇలాంటప్పుడు ఎవరైనా 'సంతోషంగా ఉండండి' అంటే ఒళ్లు మండదూ!

కానీ సుఖం గురించి లోతుగా ఆలోచించిన జీనో కూడా పరాయి ఊరు చేరినవాడే. సైప్రస్ వ్యాపారి. సరుకుతో వస్తున్న ఓడ మునిగాక ఏథెన్స్‌లో మిగిలిపోయాడని చెబుతారు. క్రీ.పూ. 300 ప్రాంతంలో అక్కడి స్తంభాల వసారాలో పాఠాలు మొదలుపెట్టాడు. గ్రీకులో ఆ వసారా పేరు 'స్టోవా'. ఆయన దారిలో నడిచినవాళ్లు స్టోయిక్కులయ్యారు. మన రచ్చబండ చదువులాంటిదే అనుకోండి.

తర్వాత వచ్చిన ఎపిక్టెటస్ రోమ్‌లో బానిసగా బతికినవాడు. ఆస్తి, పదవి, పేరు మన చేతిలో లేవు, మన ఆలోచన, మన ప్రయత్నం ఉన్నాయి అన్నాడు. ఆయన బోధలన్నిటినీ మొదటిసారి ఇంగ్లిష్‌లోకి తెచ్చింది కెంట్‌లోని డీల్ పట్టణానికి చెందిన ఎలిజబెత్ కార్టర్. ఆ పుస్తకం 1758లో వచ్చింది.

స్టోయిక్కులు విలుకాడి పోలిక చెప్పేవారు. గురి చూసి బాణం వదలడం వరకే అతని పని. మధ్యలో గాలి వీస్తే అతనేం చేస్తాడు? డబ్బు, ఆరోగ్యం ఉంటే మంచిదే. కాకపోతే సుఖమంటే అవి కావు, మంచిగా బతకడమే అన్నారు.

మరి నోరు మూసుకుని అన్నీ భరించమనా? కానేకాదు. వివేకం, ధైర్యం, నిగ్రహంతో పాటు న్యాయం కూడా వాళ్లు చెప్పిన నాలుగు సుగుణాల్లో ఒకటి. యజమాని జీతం ఎగ్గొడితే పే స్లిప్పులు దాచుకోవడం, 'అకాస్' ఉచిత హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం మన చేతిలో పనే. ఫలితం ఎలా వస్తుందన్నదే మన చేతిలో లేదు.

2012లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు ఒక వారం స్టోయిక్కుల్లా బతికి చూడమని జనాన్ని పిలిచారు. మనకు వారమెందుకు, ఒక్క రాత్రి చాలు. రోమ్ రచయిత సెనెకా పడుకోబోయే ముందు ఆ రోజు లెక్క తానే చూసుకునేవాడు. ఎక్కడ తప్పాను, ఏం దిద్దుకున్నాను అని.

హోం ఆఫీసు నుంచి కబురు ఎప్పుడొస్తుందో తెలియదు. డ్యూటీ దిగాక ఇంటికి ఫోన్ చేస్తే అమ్మతో విసుక్కోకుండా మాట్లాడటం మాత్రం మన చేతిలోనే ఉంది.